లేబర్ స్టాచ్యూ వెనుక, నాన్నతో

మెరీనాకు వెళ్ళిన ప్రతి ఆదివారమూ ఇదే తంతు. పల్లవన్ బస్సు దిగీ దిగగానే నేనూ తమ్ముడూ అలల వైపు పరుగు తీసేవాళ్ళం. అమ్మ చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో మా వెనుక వచ్చేది. సగం దూరం వచ్చాక ఆగి, వెనక్కి తిరిగి చూసి, "మీ నాన్న మళ్ళీ ఆ నలుగురి దగ్గరే నిలబడిపోయారు, వెళ్ళి పిలుచుకురా" అని నన్ను పంపేది.

ఆ నలుగురంటే లేబర్ స్టాచ్యూలోని నలుగురు కూలీలు. తమిళులు ఉళైప్పాళర్ సిలై అంటారు. పొద్దున్నే మెరీనాలో నడకకు వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ "లేబర్ స్టాచ్యూ నుంచి గాంధీ స్టాచ్యూ దాకా" అనే దూరం చెప్పుకుంటారు. ఆ రెండు విగ్రహాలూ ఒకే శిల్పి చేతివి. రెండూ 1959లో వెలిసినవే. నడిచేవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియదు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మా ఇంట్లో మాత్రం ఆ పేరు దగ్గరి బంధువు పేరులా వినబడేది. నాన్న ఎప్పుడూ "చౌధురి గారు" అనేవారు. వినే కొత్తవాళ్ళు మా గుంటూరు జిల్లా చౌదరి గారెవరో అనుకునేవాళ్ళు. కాదు, ఆయన బెంగాలీ అని, రంగపూర్ దగ్గర పుట్టి, అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర బొమ్మలు వేయడం నేర్చి మద్రాసు వచ్చారని నాన్న ఓపికగా చెప్పేవారు.

నేను పిలవడానికి వెళ్ళేసరికి నాన్న విగ్రహం ముందు ఉండేవారు కాదు, వెనుక ఉండేవారు. చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తి, ఆ కూలీల వీపులు చూస్తూ.

"ఇలా రా అమ్మాయీ. ముఖాలు తర్వాత చూద్దువు గాని, ముందు ఇక్కడ చూడు. బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతోందో చెప్పు."

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. నాకేమి తెలుస్తుంది! "రాయి మీద" అనేదాన్ని. నాన్న నవ్వేవారు కాదు. నా భుజం మీద చేయి వేసి, ఆ మనిషి భుజం నుంచి మొదలుపెట్టి, వెన్ను, నడుము, పిరుదు, తొడ వెనుక నరం, పిక్క, మడమ వరకు గాలిలో వేలితో గీత గీసేవారు. "రాయి కదలాలంటే ముందు వీడి కాలు నేలను తన్నాలి. ఆ తన్ను పిక్కలో పుట్టి, వెన్నులో నుంచి వెళ్ళి, చేతుల్లో తేలింది. చౌధురి గారు ముందు ఈ వీపు చేసి ఉంటారు. ముఖం తర్వాత దానంతట అదే వచ్చి ఉంటుంది."

చౌధురి గారు ముందు వీపు చేశారో లేదో నాన్నకెలా తెలుస్తుంది అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ కంచు వీపుల కింద నిలబడి చూసినవాళ్ళకు ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. రాయ్ చౌధురి స్వయంగా కుస్తీ పట్టేవారట. కండ ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ సడలుతుందో ఒంటితో తెలిసిన మనిషి అన్నమాట. ఆయన వేణువు కూడా ఊదేవారు, బెంగాలీలో కథలు రాసేవారు. నాన్నకు ఇవేవీ అంతగా పట్టేవి కావు, కుస్తీ ఒక్కటే గుర్తు పెట్టుకున్నారు.

నాన్నది తెనాలి. బొమ్మలు చేసే చేతులున్న ఊరు. 1958లో ఇరవై ఏళ్ళ వయసులో మద్రాసు రైలెక్కారు. ఎగ్మూరు దగ్గరి ఆర్ట్స్ స్కూల్లో చేరాలని వచ్చారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మొదలుపెట్టిన బడి అది. దానికి అధిపతి అయిన తొలి భారతీయుడు రాయ్ చౌధురి. దాదాపు మూడు దశాబ్దాలు ఆ బడిని నడిపి 1950ల చివర్లో దిగారు. మన విజయనగరంలో చిత్రకళాశాల పెట్టిన అంట్యాకుల పైడిరాజు గారు ఆ బడిలో చదివినవారే. నాన్న ఆ గేటు దాకా వెళ్ళారు. లోపల చెట్ల కింద కూర్చుని బొమ్మలు వేసుకుంటున్న పిల్లలను చూశారు. మర్నాడు తెనాలి నుంచి ఉత్తరం వచ్చింది. తాతయ్యకు ఒంట్లో బాగాలేదు, నెలనెలా డబ్బు పంపాలి. ఆ వారమే కోడంబాక్కం వైపు ఒక స్టూడియోలో, సెట్లు వేసే చోట, మౌల్డర్ దగ్గర, అంటే అచ్చులు తీసి బొమ్మలు చేసేవాడి దగ్గర, పనికి కుదిరారు. చదువు ఊసు మళ్ళీ ఎత్తలేదు. 1959 జనవరిలో, గణతంత్ర దినోత్సవానికి ముందు రోజు, లేబర్ స్టాచ్యూను నిలబెట్టారు. ఆ రోజు నాన్నకు పని ఉంది. మర్నాడు వడపళని నుంచి నడుచుకుంటూ వెళ్ళి చూశారట. ఆ నడక గురించి చెప్పేటప్పుడు నాన్న గొంతు కాస్త మారేది.

సినిమా సెట్టు బొమ్మ ఎలా తయారవుతుందో ఇక్కడ చెప్పాలి, లేకపోతే నాన్న విగ్రహాల వెనుకకు ఎందుకు వెళ్ళేవారో అర్థం కాదు.

ముందు చువ్వలతో, చెక్కతో ఒక అస్థిపంజరం లాంటిది నిలబెడతారు. దాని మీద బంకమట్టితో బొమ్మ చేస్తారు. మట్టి ఎండి బీటలు వారకుండా రాత్రిళ్ళు తడి గోనె కప్పుతారు. బొమ్మ తయారయ్యాక దాని ఒంటి మీద సన్నని రేకు ముక్కలు వరసగా గుచ్చి, ఈ భాగం ఇంత, ఆ భాగం అంత అని గట్లు వేస్తారు. దాని మీద ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక ముక్కలు ముక్కలుగా విప్పుతారు. అదే అచ్చు. విప్పేటప్పుడు లోపలి మట్టి బొమ్మ పాడైపోతుంది. వారం రోజులు చేసిన ముక్కు, పెదవి మళ్ళీ ముద్దయి తొట్టిలోకి వెళ్ళిపోతాయి. అచ్చు లోపల సబ్బు నీళ్ళు పూసి, ప్లాస్టరూ కొబ్బరి పీచూ పొరలు పొరలుగా వేస్తే బొమ్మ వస్తుంది. సెలవుల్లో నేను క్యారియర్ తీసుకుని వెళ్ళినప్పుడు నాన్న నా అరచేతిని ఆరుతున్న ప్లాస్టర్ మీద పెట్టేవారు. చల్లగా, ముద్దగా ఉన్నది కాసేపటికి గోరువెచ్చగా అవుతుంది. ఇంకాసేపటికి జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా కాలుతుంది. అప్పుడు గట్టిపడినట్లు. "ఊపిరి పోసుకుంది" అనేవారు నాన్న. ఆ వేడి ఈ రోజుకూ నా అరచేతికి గుర్తుంది.

అయితే సెట్టులో బొమ్మకు వెనుక ఉండదు. కెమెరా ముందు నుంచే చూస్తుంది కాబట్టి ముందు సగమే చేస్తారు. వెనుకకు వెళ్తే వెదురు బద్దలు, పీచు, మేకులు, కట్లు. నంది అయినా అంతే, నర్తకి అయినా అంతే. నాన్న ఇరవై ఏళ్ళలో కొన్ని వందల బొమ్మలకు పని చేశారు. అందులో ఒక్కదానికీ వీపు లేదు.

ఒకసారి అమ్మవారి విగ్రహం ఒకటి చేశారు. మనిషికి రెండింతల ఎత్తు ఉంటుంది. మూడు వారాల పని. ఆ పెదవుల కోసం నాన్న రాత్రి ఇంటికి రాకుండా అక్కడే పడుకున్నారు. షూటింగు రెండు రోజులు జరిగింది. మూడో రోజు నేను క్యారియర్ పట్టుకుని ఫ్లోరులోకి అడుగు పెట్టేసరికి కుర్రాళ్ళు సుత్తులతో ఆ విగ్రహాన్ని కొడుతున్నారు. వేరే సెట్టుకు స్థలం కావాలి, తప్పదు. అమ్మవారి చెంప ఊడి కింద పడి తెల్లగా దుమ్ము లేచింది. నేను గట్టిగా ఏడ్చాను. నాన్న వచ్చి నన్ను ఎత్తుకుని, విగ్రహం చుట్టూ తిప్పి, వెనుకకు తీసుకువెళ్ళి చూపించారు. బద్దలు, పీచు, ఖాళీ. "ఏడవకు తల్లీ. చూడు, దీని వెనుక ఏమీ లేదు" అన్నారు.

నన్ను ఊరుకోబెట్టడానికే అన్నారు. ఊరుకున్నాను కూడా. ఆ మాట నాన్నకు ఎలా ఉండి ఉంటుందన్నది నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

ఆదివారాల్లో మెరీనా కాకపోతే ఎగ్మూరు మ్యూజియం. అక్కడ అమరావతి శిల్పాలు ఉన్నాయి. మా తెనాలికి అంత దూరమేమీ కాని ఊళ్ళో రెండు వేల ఏళ్ళ కిందట చెక్కిన రాళ్ళు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఆంగ్లేయ అధికారి తవ్వించి మద్రాసు తెప్పించాడు. వాటిలో చాలా రాళ్ళు తర్వాత లండన్ వెళ్ళిపోయాయి. మిగిలిన పలకలను గోడల్లో బిగించారు. "మన వాళ్ళ పని" అని నాన్న వాటిని ప్రేమగా చూసేవారు కానీ, ఎక్కువసేపు ఉండలేకపోయేవారు. స్తూపం చుట్టూ నిలిపిన ప్రాకారపు రాళ్ళకు రెండు వైపులా చెక్కడం ఉండేదని ఆయనకు ఎవరో చెప్పారు. గోడలో బిగిస్తే రెండో వైపు ఎవరు చూస్తారు? ఆ గోడను చేత్తో తడుముతూ, "అవతలి పద్మం ఎలా ఉందో" అనేవారు.

మా ఇంట్లో ఒక పాదం ఉండేది. ఇప్పటికీ ఉంది. దాని కథ లేబర్ స్టాచ్యూతోనే మొదలైంది. ఆ నలుగురిలో ఒకడి పాదం నాన్నను వదల్లేదు. మూడు నాలుగు నెలలు ప్రతి ఆదివారమూ ఒక రూళ్ళ పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని ఆ పాదాన్నే అన్ని వైపుల నుంచీ వేసుకున్నారు. అమ్మ మాకు తేంగా మాంగా పట్టాణి సుండల్, అదే కొబ్బరి, మామిడి ముక్కలు కలిపిన బఠాణీ గుగ్గిళ్ళు, కొనిపెట్టి, పొట్లంలో నాన్న వాటా విడిగా దాచేది. చీకటి పడి గీత కనబడకపోతే అప్పుడు వచ్చి తినేవారు. తర్వాత ఇంట్లో వంటింటి గట్టు కింద, పీట మీద మట్టి పెట్టుకుని ఆ పాదం చేశారు. అసలు పాదం కంటే బాగా చిన్నది, మామూలు మనిషి పాదం కంటే కాస్త పెద్దది. అచ్చు తీసి ప్లాస్టర్ పోశారు. మడమ ఉంది, చీలమండ గుబ్బలు రెండూ ఉన్నాయి, అరికాలి వంపు ఉంది. ఎటు తిప్పినా పాదమే. నాన్న చేతిలో వెనుక కూడా ఉన్న బొమ్మ అదొక్కటే.

"ఇంట్లో ఒంటి పాదం ఏమిటండీ, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అని అమ్మ మొదట్లో చాలా బాధపడింది. తలుపు వెనుక పెట్టేది. నాన్న మళ్ళీ తెచ్చి కిటికీలో పెట్టేవారు. చివరికి ఆయుధపూజ నాడు నాన్న తన చెక్క పనిముట్లు, ఇనుప కడ్డీలు కడిగి పీట మీద పెడుతూ పాదాన్నీ పెట్టారు. అమ్మ అన్నింటికీ బొట్లు పెడుతూ వచ్చి, పాదం దగ్గర ఒక్క క్షణం ఆగి, బొటనవేలికి కూడా కుంకుమ పెట్టింది. ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటుంది కదా. తడి కుంకుమ లోపలికి దిగిపోయింది.

1980లలో తెలుగు సినిమా ఒక్కొక్కటిగా హైదరాబాద్ వెళ్ళిపోయింది. నాన్న తోటివాళ్ళలో సగం మంది వెళ్ళారు. మేము వెళ్ళలేదు. నా చదువు, అమ్మ ఆరోగ్యం కారణాలని చెప్పుకున్నాం. నాన్నకు సముద్రం ఒడ్డున ఉన్న ఆ నలుగురిని వదిలి వెళ్ళాలని లేదని నాకు గట్టి నమ్మకం. పనులు తగ్గాయి. పెళ్ళి మండపాలకు, వినాయక చవితికి అచ్చులు చేసి ఇచ్చేవారు.

1993లో తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం కబ్బన్ పార్కు చూసి, కస్తూర్బా రోడ్డు వైపు వచ్చాం. ప్రభుత్వ మ్యూజియం పక్కనే వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ. ఎండగా ఉంది, కాసేపు నీడలో కూర్చుందామనే వెళ్ళాం.

కె. వెంకటప్ప గారు 1886లో పుట్టి 1965లో పోయారు. మైసూరు ఆస్థాన చిత్రకారుల కుటుంబం. మహారాజు పంపితే కలకత్తా వెళ్ళి అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర నేర్చుకున్నారు. అంటే మా చౌధురి గారి గురువే ఈయనకూ గురువు. వీణ శేషణ్ణ గారి దగ్గర వీణ నేర్చి ఏళ్ళ తరబడి సాధన చేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఊటీ కొండల మీది మంచు, వాన, పొద్దు పొడుపు ఆయన నీటిరంగుల్లో చూస్తే చలి వేస్తుంది. ఒక్క మనిషి జీవితకాలపు పని ఒకచోట చూడడం నాకు అదే మొదటిసారి. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రంగుల గురించి కాదు. ఆయన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఉబ్బెత్తు శిల్పాలు చేశారు. అవి అక్కడ గోడల మీద ఉన్నాయి.

నాన్న వాటి ముందు ఆగిపోయారు. మెరీనాలో ఆగినట్లే. తర్వాత పక్కకు వెళ్ళి, గోడకు చెంప ఆనించినంత దగ్గరగా వంగి, అంచు మందం చూశారు. బట్ట మడత దగ్గర ప్లాస్టర్ ఎంత పలుచగా తేలిందో చూశారు. మళ్ళీ ముందుకు వచ్చారు. అక్కడున్న కాపలా మనిషిని అడిగారు. బెంగళూరు కదా, ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

"ఇది ప్లాస్టరేనా అండీ?"

"ప్లాస్టరే సార్."

"తర్వాత రాతిలోనో కంచులోనో పోత పోయలేదా?"

"లేదు సార్. ఇదే."

"ఎన్నాళ్ళ నుంచి ఉంది ఇక్కడ?"

"నేను పనిలో చేరినప్పటి నుంచీ చూస్తున్నాను సార్. రోజూ దుమ్ము దులుపుతాం."

నాన్న మరి మాట్లాడలేదు. బెంచీ మీద కూర్చుని జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. బయటికి వచ్చాక, చెట్టు కింద చెరుకు రసం తాగుతూ, "ప్లాస్టర్‌ను దాచారు అమ్మాయీ" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం తమ్ముడింట్లో భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట అన్నారు. "రోజూ దుమ్ము దులుపుతారట."

శిల్పి పనిలో మట్టి అచ్చు తీసేటప్పుడే పోతుంది. కంచు పోత పోసేవాళ్ళ కొలిమిలో తయారై వీధుల్లోకి, కూడళ్ళలోకి వెళ్ళిపోతుంది. ఈ రెంటికీ మధ్య ప్లాస్టర్ ఒక్కటే శిల్పి వేలిముద్రకు అతి దగ్గరగా ఉండి నిలిచేది. ఇది నాన్న మాట. తర్వాత చదువుకుంటే ఎంత నిజమో తెలిసింది. ఫ్రాన్స్‌లో రోడిన్ అనే శిల్పి 1916లో తన పనంతా ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. 1919లో పారిస్‌లో ఆయన పేరిట మ్యూజియం తెరిచారు. ఆయన ఉండిన మ్యూడాన్ ఇంట్లో ఆయన ప్లాస్టర్‌లు ఉంచారు. కంచు చూడాలంటే ఒకచోటికి, చేయి చూడాలంటే ఇంకోచోటికి. నాన్నకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన మొదట అడిగిన ప్రశ్న, "గోడకు ఆనించి పెట్టారా, చుట్టూ తిరగనిస్తారా?"

చోళమండలానికి నాన్నను ఆలస్యంగా తీసుకువెళ్ళాను. 2010లో. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళు సహకరించేవి కావు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కం దగ్గర కళాకారుల గ్రామం అది. రాయ్ చౌధురి శిష్యుడు, తర్వాత అదే బడికి ప్రిన్సిపాల్ అయిన కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో తన విద్యార్థులతో కలిసి నెలకొల్పారు. బతిక్ గుడ్డలు, చేతిపనులు అమ్మి కూడబెట్టిన డబ్బుతో స్థలం కొన్నారు. 2009లో అక్కడ మ్యూజియం తెరిచారు. శిష్యులు గురువు దారిలో నడవలేదు. చౌధురి గారి కండలూ నరాలూ వీళ్ళకు అక్కర్లేకపోయాయి. రాగి రేకు, ఇత్తడి, తీగలు, వెల్డింగు. పి.వి. జానకిరామ్, పణిక్కర్ గారి అబ్బాయి ఎస్. నందగోపాల్ చేసినవి చూస్తే గుడి తలుపు మీది తాపడం గుర్తొస్తుంది, ఊరేగింపు వాహనం గుర్తొస్తుంది.

నాన్నకు నచ్చవేమోనని నాకు భయం. కర్ర ఊతంగా ఒక రాగి విగ్రహం ముందు నిలబడి చూశారు. అలవాటు ప్రకారం వెనుకకు నడిచారు. నేను ఊపిరి బిగబట్టాను. వెనుక అతుకులు, వెల్డింగు గీతలు తప్ప ఏమీ లేవు.

"దీనికీ వెనుక లేదు" అన్నారు.

వీళ్ళు కావాలనే అలా చేశారని, గుళ్ళో దేవుణ్ణి మనం ఎదురుగానే దర్శనం చేసుకుంటాం గాని చుట్టూ తిరిగి చూడం కదా, ఆ చూపు కోసం చేసిన శిల్పాలని నేను చదివింది చెప్పాను. నాన్న విన్నారు. మళ్ళీ ముందుకు వచ్చారు, ఈసారి నెమ్మదిగా. చాలాసేపు చూసి అన్నారు:

"మూలవిరాట్టుకు వేసే వెండి తొడుగు ఇలాగే ఉంటుంది. తొడుగుకు వెనుక ఎందుకు? వెనుక దేవుడు ఉంటాడుగా."

ఫ్లోరులో నన్ను ఎత్తుకుని చూపించిన ఆ ఖాళీ నాకు గుర్తొచ్చింది. నాన్నకు గుర్తొచ్చిందో లేదో అడగలేదు. ఆవరణలో చెట్ల కింద నిలబెట్టిన రాతి శిల్పాల మధ్య ఆ రోజు ఆయన మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గంటకు పైగా తిరిగారు. ప్రతిదాని చుట్టూ తిరిగారు.

నాన్న 2014లో పోయారు. ఆయన పర్సులో ఒక పాత ఐదువందల నోటు ఖర్చు పెట్టకుండా మడిచి ఉంది. దాని వెనుక గాంధీజీ దండి యాత్ర బొమ్మ. అది ఢిల్లీలో ఉన్న పదకొండు మూర్తుల విగ్రహం. రాయ్ చౌధురి మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే 1975లో పోయారు. తర్వాత పూర్తి చేసి నిలబెట్టారు. దేశమంతా ఆ మనిషి పనిని జేబుల్లో పెట్టుకుని తిరిగిందని నాన్న ఆ నోటు ఎవరి చేతిలో కనబడినా చూపించేవారు. కిరాణా కొట్టులో కూడా.

రాయ్ చౌధురి పేరిట చెన్నైలో ఒక భవనం ఉండాలని నా కోరిక. మెరీనాకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉంటే మరీ మంచిది. ఆయన వేసిన చిత్తు గీతలు, చేసిన ప్లాస్టర్‌లు, మట్టి గీరిన చెక్క పనిముట్లు, బడిలో విద్యార్థుల మధ్య నిలబడిన ఫోటోలు, పట్నాలో ఆయన చేసిన ఏడుగురు అమర విద్యార్థుల స్మారకం ఎలా రూపుదిద్దుకుందో చూపించే గది. వీధిలో కంచు చూసి వచ్చిన పిల్లవాడు లోపలికి వచ్చి ఆ వీపు మట్టిలో ఎలా మొదలైందో తెలుసుకోవాలి. బొమ్మలను గోడకు ఆనించకూడదు. చుట్టూ నలుగురు తిరిగేంత చోటు వదలాలి. ఒక మూల, ఈ ఊళ్ళో వాహినీ స్టూడియో కాలం నుంచి సెట్లకు బొమ్మలు చేసి పేరు లేకుండా పోయిన మౌల్డర్లకు ఒక చిన్న అర ఇస్తే బాగుంటుంది. తెనాలి వాళ్ళున్నారు, కుంభకోణం వాళ్ళున్నారు, మదురై వాళ్ళున్నారు. వాళ్ళవి బొమ్మలు మిగలలేదు. అచ్చు ముక్కలూ పనిముట్లూ కొన్ని ఇళ్ళలో అటకల మీద ఉండే ఉంటాయి.

నా దగ్గర ఉన్నవి చెబుతాను. టేకు చెక్క పనిముట్లు ఐదు, అందులో ఒకదాని కొన నాన్న పంటి గాట్లతో నలిగింది. తీగ చుట్టిన గీకుడు పుల్లలు రెండు. రూళ్ళ పుస్తకం ఒకటి, నలభై పేజీల నిండా ఒకే పాదం. ఆ పాదం. ఎవరైనా అలాంటి చోటు కడితే ఇవన్నీ ఇచ్చేస్తాను. పాదాన్ని బల్ల మధ్యలో పెట్టమంటాను, మడమ కూడా కనబడేలా. బొటనవేలి మీద ఎర్రగా మరక ఉంటుంది. అది అమ్మ పెట్టిన కుంకుమ, దాన్ని కడగవద్దని చెప్పి ఇస్తాను.